ప్లాస్టిక్‌లో ఉన్న నోటు, చేతిలో ఉన్న నోటు



ఈ వారం మీకు కథ కాదు, మా ఇంట్లో నిజంగా జరిగిన సంగతి చెప్తాను. ఇందులో నేను చేసిన పొరపాటు ఒకటుంది. టీచర్లు కూడా పొరపాట్లు చేస్తారా అని అడక్కండి. చేస్తారు. ఇది మా అబ్బాయి డబ్బుతో చేశాను, అందుకే ఇంకా గుర్తుంది.

మేం ఖతార్ వచ్చి రెండేళ్లయింది. అంతకుముందు రాజమండ్రిలో ఒక స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ఇప్పుడు దోహాలో ఇల్లు చూసుకుంటూ, శుక్రవారాలు మీలాంటి పిల్లలకి తెలుగు నేర్పిస్తున్నాను. మా అబ్బాయికి పదేళ్లు.

సంగతి మొదలైంది మాత్రం అమెరికాలో. మా అక్క వాళ్లు డాలస్‌లో ఉంటారు. వాళ్లబ్బాయి పాత బేస్‌బాల్ కార్డులు పోగుచేస్తాడు. ఒకరోజు వీడియో కాల్‌లో, "పిన్నీ, ఇవి చూడు" అని రెండు కార్డులు చూపించాడు. రెండిటి మీదా ఒకే ఆటగాడి బొమ్మ. ఒకటి మామూలుగా చేతిలో ఉంది. రెండోది గట్టి ప్లాస్టిక్ పెట్టెలో ఉంది, పైన 6 అని అంకె వేసి ఉంది. రెండోది చాలా ఖరీదట.

"బొమ్మ ఒకటే కదరా, ధరలో అంత తేడా ఎందుకు?" అన్నాను.

వాడు చెప్పిందాన్ని మీకు నా మాటల్లో చెప్తాను. పాత కార్డు కొనేటప్పుడు రెండు అనుమానాలు వస్తాయి. ఇది అసలుదా, నకిలీదా? అసలుదే అయితే ఎంత బాగుంది? పీఎస్ఏ లాంటి కంపెనీలు కార్డు మూలలు, అంచులు, పైన గీతలు, బొమ్మ మధ్యలో ఉందా లేదా అన్నీ చూసి, 1 నుంచి 10 వరకు మార్కులు వేస్తాయి. తర్వాత కార్డుని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూసేసి, ఒక నంబరు ఇస్తాయి. ఆ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే వివరాలు వస్తాయి. దీన్నే గ్రేడింగ్ అంటారు. చేతిలో ఉన్న కార్డుకి ఈ పరీక్ష జరగలేదు. అది చవగ్గా వస్తుంది, కానీ దాన్ని చూసి తేల్చుకోవాల్సింది కొనేవాళ్లే.

మా అబ్బాయి పక్కనే కూర్చుని చెవులు రిక్కించి వింటున్నాడు. దోహాలో బేస్‌బాల్ కార్డులు ఎవరు అమ్ముతారు? కానీ వాడికి ఇక్కడ ఇంకోటి దొరికింది.

ఆ శీతాకాలంలో మెట్రో ఎక్కి సూక్ వాకిఫ్ వెళ్లాం. అక్కడ పాత సామాన్లు అమ్మే ఒక కొట్టు అద్దాల వెనక ఎర్రటి పది రూపాయల నోటు కనిపించింది. అది కూడా గట్టి ప్లాస్టిక్ కవర్లో ఉంది. వాడు ముక్కు అద్దానికి ఆనించి చూసి, "అమ్మా! మన రూపాయలు ఇక్కడెందుకున్నాయి?" అన్నాడు.

ఎందుకున్నాయో మీకు తెలుసా? ఒకప్పుడు ఖతార్‌లో బజారుకి వెళ్తే రూపాయలే ఇచ్చేవాళ్లు. ఖతార్, దుబాయ్, కువైట్, బహ్రెయిన్, అన్నిచోట్లా మన రూపాయే నడిచేది. అయితే కొందరు రూపాయలు ఇక్కడికి తెచ్చి, బంగారం కొని, దొంగచాటుగా ఇండియాకి పట్టుకెళ్లేవాళ్లు. ఆ రూపాయలన్నీ తిరిగి మన రిజర్వ్ బ్యాంకుకి వస్తే, వాటికి బదులు విదేశీ డబ్బు చెల్లించాల్సి వచ్చేది. అందుకని 1959లో గల్ఫ్ దేశాల కోసమే వేరే నోట్లు వేశారు. డిజైన్ మన నోట్లదే, రంగులు వేరు, నంబరు ముందు జడ్ అనే అక్షరం. అవి ఇండియాలో చెల్లవు. 1966 జూన్ 6న ఇండియా రూపాయి విలువ తగ్గించింది. అప్పటిదాకా డాలరుకి 4 రూపాయల 76 పైసలు, ఆ రోజు నుంచి 7 రూపాయల 50 పైసలు. తమ డబ్బు విలువ అలా ఒక్కరోజులో పడిపోతే ఎవరూరుకుంటారు? ఖతార్, దుబాయ్ కలిసి అదే ఏడాది సొంత రియాల్ తెచ్చుకున్నాయి.

ఆ పది రూపాయల నోటు వెనక తెరచాప పడవ బొమ్మ ఉంటుంది. కార్నిష్ ఒడ్డున మేం రోజూ చూసే పడవల్లాంటిదే. పక్కన మన భాషల్లో నోటు విలువ రాసి ఉంటుంది, అందులో తెలుగు కూడా. మా వాడు కూడబలుక్కుని చదివాడు: "ప... ది... రూ... పా... యలు." తెలుగు పుస్తకం తెరవమంటే కడుపునొప్పి అనేవాడు ఆ నోటు మీది అక్షరాలు తనంతట తనే చదివాడు! నా సంతోషం మీరు ఊహించుకోండి.

కానీ ధర వినేసరికి గుండె జారింది. ఆ నోటుకి పీఎంజీ అనే కంపెనీ గ్రేడ్ ఇచ్చింది. నోట్లకి వాళ్లు 70 దాకా మార్కులు వేస్తారు. వీడు రెండేళ్లుగా డబ్బాలో దాచుకున్న డబ్బంతా పోసినా సరిపోదు.

కొన్నాళ్లకి తెలిసినవాళ్ల ద్వారా ఇంకొకాయన దగ్గర అలాంటి నోటే దొరికింది. గ్రేడ్ లేదు, ప్లాస్టిక్ లేదు, ధర మూడో వంతు. "ఎవరూ వాడని నోటు, కొత్తదానిలా ఉంది" అన్నాడాయన. నిజంగానే తళతళలాడుతోంది. మా అబ్బాయి, "అమ్మా, ఎవరికైనా చూపించి కొందామా?" అని మెల్లిగా అడిగాడు. నేనేమన్నానో తెలుసా? "ఇంత చవగ్గా మళ్లీ దొరకదు, తీసుకో" అన్నాను. వాడి డబ్బా ఖాళీ అయింది.

మా బిల్డింగులో ముప్పై ఏళ్లుగా దోహాలో ఉంటున్న ఒక పెద్దాయన ఉన్నారు. నాణేలు, నోట్లు పోగుచేస్తారు. ఆయనకి చూపిస్తే ముందు వేళ్లతో తడిమారు. తర్వాత దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూశారు. ఆ తర్వాత చిన్న నీలం లైటు వేశారు. నోటు తెల్లగా మెరిసింది.

"అమ్మా, నోటు అసలుదే. కానీ దీన్ని ఉతికారు" అన్నారాయన.

నోటు ఉతకడమేమిటని నవ్వొచ్చింది. ఆయన విడమర్చి చెప్పారు. వాడిన నోటుని సబ్బునీళ్లలో కడిగి, బరువు పెట్టి నొక్కితే కొత్తదానిలా కనిపిస్తుందట. కానీ కాగితంలో కరకర పోయి మెత్తబడుతుంది. మడతల గీతలు ఏటవాలు వెలుగులో సన్నగా కనిపిస్తాయి. బట్టల సబ్బుల్లో ఉండే తెల్లదనం మందు ఆ లైటుకి మెరుస్తుంది. "ఈ చిన్న పిన్ను రంధ్రాలు తప్పు కాదు బాబూ, బ్యాంకుల్లో కట్టలకి పిన్నులు కొట్టేవాళ్లు" అని కూడా చెప్పారు. ఉతికిన నోటుకి మేం వాడని నోటు ధర ఇచ్చామన్నమాట.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "చూసుకునే కదా తీసుకున్నారు" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

మా వాడు ఏడవలేదు. "నేను అడిగాను కదమ్మా" అన్నాడు, అంతే. ఏడ్చినా బాగుండేది. తప్పు నాదే అని వాడికి చెప్పాను. ఇంటి ఖర్చుల్లో మిగిల్చిన డబ్బులోంచి సగం వాడి డబ్బాలో వేశాను. మిగతా సగం ఇద్దరి చదువు ఫీజు అనుకున్నాం.

"అయితే ఎప్పుడూ ప్లాస్టిక్‌లో ఉన్నదే కొనాలా?" అని వాడు డాలస్ అన్నని అడిగాడు. వాడు ఒక కథ చెప్పాడు. వంద దాటిన ఏళ్ల కిందట, 1909 నుంచి 1911 దాకా, సిగరెట్ పెట్టెల్లో బేస్‌బాల్ కార్డులు వచ్చేవి. వాటిలో హోనస్ వాగ్నర్ కార్డు చాలా అరుదు. పీఎస్ఏ మొట్టమొదట గ్రేడ్ ఇచ్చింది అలాంటి ఒక కార్డుకే. 10కి 8 వేశారు. 2007లో అది 28 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. 2013లో, దాన్ని ఒకప్పుడు కొని అమ్మిన బిల్ మాస్ట్రో కోర్టులో నిజం ఒప్పుకున్నాడు: అంచులు నీట్‌గా కనిపించాలని తనే కత్తిరించాడట! అంటే పెట్టె మీది అంకె కూడా మనుషులు వేసిందే. వాళ్లూ పొరబడొచ్చు.

మా అమ్మమ్మ బంగారం కొనేటప్పుడు కంసాలి గీటురాయి మీద గీసి చూపించేదాకా ఊరుకునేది కాదు. ఇప్పుడు మేం హాల్‌మార్క్ ముద్ర చూసి కొంటాం. ముద్ర ఉంటే ధైర్యమే. కానీ ముద్ర ఉన్నా, అమ్మమ్మలాగా కళ్లు తెరిచి చూడటం మానకూడదు. కొత్త ఊళ్లో ఆ కళ్లు మనకింకా రాకపోతే, తెలిసిన పెద్దవాళ్లని అడగాలి. అడగడానికి నాకు ఆరోజు తీరిక లేకపోయింది, అంతే.

మేం మూడు నియమాలు రాసి ఫ్రిజ్ మీద అంటించాం. ఎక్కువ డబ్బు పెట్టేది, రేపు అమ్మాలనుకునేది అయితే గ్రేడ్ ఉన్నదే కొనాలి, నంబరు వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి. చేత్తో పట్టుకుని ఆనందించడానికైతే గ్రేడ్ లేనిది చాలు, కానీ వాడిన నోటు ధరే ఇవ్వాలి. ఎవరైనా తొందరపెడితే, అది అమ్మ అయినా సరే, ఆగాలి. మూడోది వాడే రాశాడు, తెలుగులో. "తొందర"లో సున్నా మర్చిపోయాడు. నేను దిద్దలేదు.

ఆ నోటు ఇంకా మా దగ్గరే ఉంది. ప్లాస్టిక్‌లో లేదు కాబట్టి ఇంటికొచ్చిన పిల్లలందరి చేతికీ ఇస్తాడు. వెనక్కి తిప్పి, "మన భాష ఎక్కడుందో వెతుకు" అంటాడు.

మీ వంతు: మీ ఇంట్లో ఉన్న ఒక పాత వస్తువు గురించి అమ్మమ్మనో తాతయ్యనో ఫోన్‌లో అడగండి. అది ఎక్కడిది, ఎలా వచ్చింది, అసలుదని వాళ్లకెలా తెలుసు? వాళ్లు చెప్పింది ఐదు వాక్యాల్లో తెలుగులో రాయండి. తప్పులొచ్చినా పర్వాలేదు.