యూసరీ కొండ కింద

మా అక్కయ్య నన్ను అమెరికా పంపింది ఎడారులూ కొండలూ చూసి రమ్మని కాదు, కొడుకు చేతిలోంచి పిస్తోలు దింపించి రమ్మని. "వాడు ఉద్యోగం చేసుకోవడానికి వెళ్ళాడా, తుపాకులు పేల్చుకోవడానికి వెళ్ళాడా? అక్కడి వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం గదా. నా మాట వాడి చెవికెక్కదు. నువ్వు మేనమామవి, పైగా లెక్చరరువి. నాలుగు చీవాట్లు పెట్టి మాన్పించు" అని, ఆవకాయ సీసా నా పెట్టెలో సర్దుతూ పదిసార్లు చెప్పింది. సంక్రాంతి సెలవులకు మరో వారం కలుపుకుని బయలుదేరాను.

మావాడు ఆరిజోనా రాష్ట్రంలో చాండ్లర్ అనే ఊళ్ళో ఇంజనీరు. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లను చేసుకుని స్థిరపడ్డాడు. చీవాట్లకు మంచి ముహూర్తం కోసం నేను చూస్తూండగానే, "రేపు ప్రాక్టీసు, ఎల్లుండి పోటీ. నువ్వూ రా మావయ్యా" అన్నాడు. చూడకుండా తిట్టడం కన్నా చూసి తిట్టడం న్యాయం గదా అని సరేనన్నాను.

శనివారం తెల్లవారుతూండగా కారెక్కాం. చాండ్లర్ దాటితే మీసా అనే పెద్ద ఊరు. తూర్పున ఆ ఊరు అయిపోయేసరికి ఎడారి. ఎడారి అంటే ఇసుకతిన్నెలని ఊహించుకున్నాను. ఇక్కడ ఎర్రటి రాతినేల, ముళ్ళపొదలు, వాటి మధ్య సాగ్వారో అనే నిలువెత్తు జెముళ్ళు. ఈ మొక్కకు మొదటి కొమ్మ వెయ్యడానికే 50 ఏళ్ళు, ఒక్కోచోట 75 ఏళ్ళు కూడా పడుతుందట. నా మనసులో ఉన్న బెదురు కాబోలు, అవన్నీ ఎవరో పిస్తోలు చూపిస్తే చేతులెత్తేసినట్టు కనిపించాయి.

ఎదురుగా యూసరీ కొండ. కొండవాలు మీద తెల్లటి రాళ్ళతో ఫీనిక్స్ అని పెద్ద పెద్ద అక్షరాలూ, ఆ నగరం ఉన్న దిక్కు చూపిస్తూ పెద్ద బాణం గుర్తూ ఉన్నాయి. విమానాలవాళ్ళకు దారి తెలియడానికి 1950 దశకంలో స్కౌట్ పిల్లలు చేసిన పని అది. ఆ కొండ కిందే మావాడి షూటింగ్ మైదానం.

ఈ ఆట కథ మావాడు దారిలోనే చెప్పాడు. ఒలింపిక్స్‌లో మనం చూసే పిస్తోలు పోటీల్లో మనిషి కదలకుండా నిలబడి, ఒంటిచేత్తో గురిచూసి కాలుస్తాడు. 1950 దశకంలో కాలిఫోర్నియాలో జెఫ్ కూపర్ అనే ఆయనా, ఆయన స్నేహితులూ ఇది చాలదనుకున్నారు. గురీ, బలమూ, వేగమూ మూడూ కలిస్తేనే విద్య అన్నారు. 1976లో మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియాలో సమావేశమై అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. కూపరే మొదటి అధ్యక్షుడు. 1983లో ప్రపంచ పోటీ నెగ్గిన రాబ్ లేథమ్‌ది ఈ మీసా ఊరే.

లెక్క కూడా విచిత్రంగా ఉంది. అట్టబొమ్మ మధ్యగడిలో గుండు తగిలితే 5 మార్కులు. వచ్చిన మార్కులన్నీ కూడి, పట్టిన సెకన్లతో భాగిస్తారు. 20 సెకన్లలో 100 మార్కులు తెచ్చుకున్నవాడికి 5 వస్తే, 16 సెకన్లలో 95 తెచ్చుకున్నవాడికి 5.94 వస్తుంది. కంగారుపడితే మార్కులు పోతాయి, నిదానిస్తే కాలం పోతుంది. మధ్యలో ముట్టుకోకూడని తెల్లబొమ్మలు కూడా నిలబెడతారు. వాటికి తగిలిందా, 10 మార్కులు కోత.

ఇక సరంజామా సంగతి. ఇది మా కోడలి నోట వినవలసిన కథ. "మావయ్యగారూ, మూడేళ్ళలో మూడు పిస్తోళ్ళు!" అని వేళ్ళు మడిచి చూపించింది. మొదటిది ప్లాస్టిక్ చట్రంతో తేలికైనది. దాని ట్రిగ్గరు లాగడానికి సుమారు రెండున్నర కిలోల బలం కావాలి. అది బరువని రెండోది కొన్నాడు. ఉక్కుది. మొదటి గుండుకు ట్రిగ్గరు పొడుగ్గా, బరువుగా వస్తుంది. తరవాతి గుళ్ళకు పొట్టిగా, తేలిగ్గా వస్తుంది. ఒకే తుపాకిలో రెండు స్వభావాలు! దాంతో వేగలేక మూడోది కొన్నాడు. దాని ట్రిగ్గరుకు కిలో బరువైనా అక్కరలేదు. పైన చిన్న అద్దం, అందులో ఎర్రచుక్క. ఆ చుక్క ఎక్కడ ఉంటే గుండు అక్కడ పడాలి.

గుండు బలానికీ లెక్క ఉంది. గ్రెయిన్లలో దాని బరువును, సెకనుకు అడుగుల్లో దాని వేగంతో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తారు. 147 గ్రెయిన్ల గుండు 900 అడుగుల వేగంతో పోతే 132 వస్తుంది. 125 దాటితే చిన్న తరగతి, 165 దాటితే పెద్ద తరగతి. పెద్ద తరగతివాడికి పక్కగడిలో తగిలినా 4 మార్కులు, చిన్నవాడికి 3. కాని పెద్ద గుండు చేతిని గట్టిగా ఎగరేస్తుంది. మార్కులు కావాలా, చెయ్యి నిలకడ కావాలా, ఎవరికి వారే తేల్చుకోవాలి. మావాడు చిన్న తరగతే ఎంచుకున్నాడు.

ఇన్ని చేసినా, శనివారం వాడి గుళ్ళు మధ్యగడికి కిందా ఎడమకే పోతున్నాయి. "చుక్క సరిగ్గా అమర్చలేదేమో" అని వాడు స్క్రూలు తిప్పుతూంటే, పక్కన కాలుస్తున్న ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. మావాణ్ణి అడిగి గుళ్ళపెట్టె తీసుకుని, అటు తిరిగి, అసలు గుళ్ళ మధ్య రెండు ఉత్తుత్తి గుళ్ళు కలిపి తెచ్చిచ్చాడు. వాడు కాల్చాడు. ఢాం. ఢాం. మూడోసారి టిక్కుమని ఊరుకుంది. పేలలేదుగాని, పిస్తోలు మూతి మాత్రం గుళ్ళో దణ్ణం పెట్టినట్టు కిందకు వంగింది! రాబోయే పేలుడుకు జడిసి చెయ్యి ముందే దాన్ని అదిమేస్తోందన్నమాట. మూడు పిస్తోళ్ళలోనూ ఉన్న దోషం అదొక్కటే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, మావాడు మూడేళ్ళు మద్దెలలు మారుస్తూ వచ్చాడు.

పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. ముందు ట్రిగ్గరులో ఉన్న వదులంతా లాగెయ్యి. ఒకచోట గోడ తగిలినట్టు ఆగుతుంది. అక్కణ్ణించి తిన్నగా వెనక్కి నొక్కు, మిగతా చెయ్యి కదలకూడదు. రెండు గజాల దూరంలో బొమ్మ అయితే గబుక్కున లాగినా చెల్లుతుంది, 25 గజాలకు చెల్లదు. రోజూ ఇంట్లో ఖాళీ పిస్తోలు మీద నాణెం నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గరు నొక్కడం అలవాటు చేసుకో. "నాణేనికి ఖర్చు తక్కువ" అని నవ్వాడు. వెళ్ళబోతూ మూడో పిస్తోలు కేసి చూసి, "తేలిక ట్రిగ్గరు మంచిదే. తప్పు చెయ్యడం కూడా తేలికే" అన్నాడు.

ఆదివారం పోటీ. మట్టిగట్ల మధ్య నలభైమంది దాకా, నడుములకు పిస్తోళ్ళతో! డాక్టర్లు, ప్లంబర్లు, ఒక బామ్మగారు కూడాను. నా గుండె గుభేలుమంది. "ఒక్కదాంట్లోనూ గుండు లేదు మావయ్యా. పిలిచి చెప్పినప్పుడే నింపాలి" అన్నాడు. పిస్తోలు తీసి సర్దుకోవడానికి వేరే బల్ల ఉంది. అక్కడ పిస్తోలు ముట్టుకోవచ్చు, గుళ్ళు ముట్టుకోకూడదు. బల్ల దాటితే గుళ్ళు ముట్టుకోవచ్చు, పిస్తోలు ముట్టుకోకూడదు. మా అమ్మమ్మ మడి కూడా ఇంత నిష్ఠగా ఉండేది కాదు.

మావాడి వంతు వచ్చింది. సిద్ధం కమ్మన్నారు. టైమరు కీచుమంది. పరుగెత్తాడు, కాల్చాడు. గుళ్ళు మధ్యగడిలోనే పడుతున్నాయి! రెండో అంకంలో అంపైరు ఒకసారి "వేలు!" అని అరిచాడు. కదిలేటప్పుడు, గుళ్ళపెట్టె మార్చేటప్పుడు వేలు ట్రిగ్గరు చట్టంలో ఉండకూడదని నియమం. నాలుగో అంకంలో ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి పరుగెడుతూ గుళ్ళపెట్టె మారుస్తున్నాడు. "ఆగు!" అన్న కేక. వాడు కొయ్యబొమ్మలా ఆగిపోయాడు. పిస్తోలు ఖాళీ చేసి చూపించాడు. మళ్ళీ వేలే. గుండు పేలలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ రోజు పోటీ మొత్తంలోంచి తీసేశారు.

నేను జగడానికి సిద్ధపడ్డాను. 20 ఏళ్ళుగా పరీక్ష హాల్లో కాపలా కాస్తున్నవాణ్ణి. చీటీ చేతికి చిక్కినా "అది నాది కాదండీ" అనేవాళ్ళనే చూశాను. మావాడు మాత్రం, "నిజమే, నా వేలు లోపలే ఉంది" అని అంపైరు చెయ్యి కలిపాడు. పిస్తోలు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. టేపుచుట్ట తెచ్చుకుని, సాయంత్రందాకా ఇతరుల గుళ్ళు చేసిన చిల్లులకు అతుకులు వేస్తూ నిలబడ్డాడు. ముఖం మాత్రం మాడిపోయి ఉంది.

భారతంలో అశ్వత్థామకు అస్త్రం వెయ్యడం తెలుసు, ఉపసంహరించడం తెలియదు. అర్జునుడికి రెండూ తెలుసు. ఆ ఘట్టం ఎన్నిసార్లు పాఠం చెప్పానో! వేలు ఎప్పుడు పెట్టాలో నేర్పడం కన్నా ఎప్పుడు తియ్యాలో నేర్పడమే కష్టమని ఆ మట్టిగట్టు మీద కూర్చున్నప్పుడు తెలిసింది.

తిరుగుదారిలో వాడు చాలాసేపు మాట్లాడలేదు. "మూడోది అమ్మేస్తాను. మొదటిదాంతోనే మళ్ళీ మొదలుపెడతాను. అమ్మకు చెప్పకు మావయ్యా" అన్నాడు. నాకు తుపాకులంటే ఇప్పటికీ ఇష్టం లేదు. అక్కయ్య భయం ఉత్త భయమనీ అనను. కాని పెట్టదలచుకున్న చీవాట్లు నోటిదాకా రాలేదు.

ఆ రాత్రి అక్కయ్యకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"తప్పు నాదే అని పదిమందిలో ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడే."

"మీ బావ ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ ఒప్పుకోలేదురా" అంది. తరవాత, "ఆవకాయ ఎలా ఉందన్నాడు?" అని మాట మార్చేసింది. పిస్తోలు ఊసు ఆవిడా మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.