చంద్రుని తెలుపు

చంద్రోదయ వర్ణనలు బోధించుచు మేము ఇరువది యేండ్లు గడపితిమి. చంద్రుడు కర్పూరపు ముద్ద యనియు, పాలకడలి వెన్న యనియు పిల్లలచే వల్లె వేయించితిమి. ఒకనాడు వెనుక బల్లమీది బాలిక లేచి, "చంద్రుడు నిజముగా తెల్లనివాడేనా, మాస్టరుగారూ?" యని యడిగెను. తరగతి నవ్వెను. "నీకు కన్నులు లేవా?" యని మేమును నవ్వి కూర్చుండబెట్టితిమి. అటుపిమ్మట ఆ బాలిక నోరు విప్పలేదు.

కొన్ని మాసములకు ఒక ఆంగ్ల గ్రంథము చదువుచుండగా మా ముఖము చిన్నబోయినది. చంద్రుని నేలపై 100 పాళ్ల వెలుగు పడినచో తిరిగివచ్చునది సగటున సుమారు 12 పాళ్లే. అరిగిన తారురోడ్డు వన్నెకును దానికిని గొప్ప తారతమ్యము లేదు. చుట్టునున్న నల్లని యాకాశమే దానిని తెల్లగా చూపుచున్నది.

చంద్రుని రాళ్లు మనకు కొలదిగా లభించినవి. కావున శాస్త్రజ్ఞులు వానిని పోలిన రాళ్లను భూమిమీద వెదకిరి. తమిళనాట నామక్కల్ జిల్లాలోని సిత్తంపూండిలో అనార్థొసైటు అను లేతరంగు రాయి కలదు. చంద్రుని మెట్టనేలలు విశేషముగ నిట్టి రాతితో నేర్పడినవే. 2019లో బయలుదేరిన చంద్రయాన్-2 కొరకు ఇస్రోవారు ఈ రాతిపొడినే పరచి దిగునౌకను పరీక్షించిరి.

ఇట్టి రాళ్లను నూరి, జల్లించి, పళ్లెములో పరచి, ఒక కోణమున దీపముంచి మరియొక కోణమున వచ్చు వెలుగును కొలతురు. తెల్లని ప్రమాణ ఫలకముతో సరిపోల్తురు. పైరాక్సీను అను ఖనిజము 1, 2 మైక్రోమీటర్ల దరిదాపుల వెలుగును మ్రింగును. ఇనుము కొంచెము కలిసిన ప్లేజియోక్లేసు 1.25 దరిని మ్రింగును. కంటికి కానరాని యీ గుర్తులను బట్టియే చంద్రుని నేలలో నే ఖనిజమున్నదో దూరమునుండి పోల్చుకొందురు. ఒకే రాయి మెత్తగా నూరినకొలది తెల్లబడును. పటికబెల్లము దంచు గృహిణులకు ఈ సంగతి క్రొత్త కాదు.

ఇంత పోలియున్నను మన పొడి చంద్రుని మట్టి కాదని కొలిచినవారే వ్రాయుదురు. సూర్యునినుండి వీచు కణములును, సూక్ష్మోల్కల తాకిడియు కోట్ల యేండ్లుగా అచటి మట్టిలో అతిసూక్ష్మమైన ఇనుప రేణువులను పుట్టించి నల్లబరచినవి. మన రాతికి ఆ యనుభవము లేదు. తమ పోలిక యెచట చెల్లదో చెప్పుట వారి ధర్మము. ఉపమాలంకారము ఇరువది యేండ్లు బోధించిన మేము ఆ మాట ఒక్కనాడును చెప్పలేదు.

మరునాడు తరగతి యెదుట, "నీ ప్రశ్న సరియైనది, మా నవ్వు తప్పు" అని యొప్పుకొంటిమి. బాలిక తల వంచుకొనెను గాని మాటాడలేదు. తప్పొప్పుకొన్నంతనే పోయిన ధైర్యము తిరిగిరాదు. వారము గడచిన పిమ్మట, పటికబెల్లపు పొడిని నల్లకాగితముపై పరచి దీపము చూపుచుండగా, "ఎటునుండి చూచినను వెలుగు ఒకటేనా, అండీ?" యని యడిగెను.

అర్ధచంద్రునికంటె పున్నమిచంద్రుడు రెండు రెట్లు గాక సుమారు పది రెట్లు వెలుగునని చెప్పబోయి, మానితిమి. దీపమును ఆమె చేతికిచ్చితిమి.