మా కారు డిక్కీ ఎందుకు మూగబోయింది?

మా తమ్ముడు 2014లో అమెరికా వెళ్తూ నాకు రెండు అప్పగించాడు. ఒకటి అమ్మ, రెండోది వాడి స్విఫ్ట్ కారు. అమ్మ గురించి వాడికి బెంగ లేదు. కారు గురించి మాత్రం ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్లబోతూ కూడా వెనక్కి తిరిగి, ‘‘అక్కా, డిక్కీ జాగ్రత్త’’ అన్నాడు.

డిక్కీలో ఏముందనేగా? రెండు పన్నెండంగుళాల సబ్‌వూఫర్లు, వాటిని మోగించే ఆంప్లిఫయర్. మొదటి ఉద్యోగంలో దాచుకున్న డబ్బంతా వాటికే పోశాడు. రాత్రి పదింటికి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర నిలబడితే మీకూ తెలుస్తుంది... పాట వినపడకముందే పక్క కారు దడదడ మన గుండెకి తగులుతుంది. మా వాడిదీ ఆ బాపతే. అమ్మయితే ‘‘కారు కొన్నాడా, డప్పు కొన్నాడా’’ అని సణిగేది.

వాడు వెళ్లాక ఆ డప్పు మోగించే సరదా నాకు లేదు. ఆఫీసుకి వెళ్తూ వస్తూ ఎఫ్‌ఎమ్‌లో వార్తలు, నాలుగు పాత పాటలు, అంతే. పోయినేడు వాడు సెలవు మీద వస్తున్నానన్నాడు. పది రోజులుందనగా కారు సిద్ధం చేద్దామని కృష్ణానగర్ వైపు ఒక చిన్న షాపులో బ్యాటరీ మార్పించాను. పంతొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రాడు పావుగంటలో బిగించి ఇచ్చాడు. ఆ సాయంత్రం ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కుతూ, సరే చూద్దామని వాల్యూమ్ పెంచాను. డిక్కీ రెండుసార్లు దబ్బుమని ఆగిపోయింది. మళ్లీ పెంచితే మళ్లీ అంతే. ఆంప్లిఫయర్ మీద ఎర్రలైటు.

నిన్నటిదాకా బాగున్నది ఇవాళ పోయిందంటే ఇవాళ ముట్టుకున్నవాడిదే తప్పు! ఇంతకంటే ఆలోచించలేదు. కారు వెనక్కి తిప్పి షాపుకెళ్లి, ఓనర్ ముందే కుర్రాణ్ని నిలదీశాను. ‘‘నేనేం ముట్టలే మేడమ్. బ్యాటరీ మార్చిన, అంతే’’ అన్నాడు. ‘‘అసలు సరుకు తీసి డూప్లికేట్ పెట్టావా?’’ అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. చుట్టూ నలుగురైదుగురు ఉన్నారు. కుర్రాడు ఇంకేం మాట్లాడలేదు. చేతిలోని స్పానర్‌ని గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు.

మర్నాడు మా పక్క ఫ్లాట్ బాబాయిగారికి ఇదంతా చెప్పాను. ఆయన మద్రాసులో సౌండ్ రికార్డింగులో చేరి, మన సినిమా ఇటు తరలినప్పుడు తనూ వచ్చి, డబ్బింగ్ థియేటర్లలో పనిచేసి రిటైరయ్యారు. సానుభూతి చూపిస్తారనుకున్నాను. ‘‘ముందు మీటరు పెట్టి చూశావా, మనిషి మీద పడ్డావా?’’ అన్నారు. లోపలికెళ్లి మల్టీమీటర్, చిన్న డబ్బాలో సామాను తెచ్చుకున్నారు.

సెల్లార్‌లో కారు డిక్కీ ఎత్తి, రెండు గంటలు నాకు పాఠం చెప్పారు. ఆంప్లిఫయర్‌కి బ్యాటరీ నుంచి లావుపాటి ప్లస్ వైరు ఒకటి వస్తుంది, మధ్యలో ఫ్యూజు ఉంటుంది. రెండోది ఎర్త్, కారు బాడీకే బిగిస్తారు. మూడోది సన్న వైరు, స్టీరియో వెయ్యగానే ‘నువ్వూ లే’ అని చెప్పేది. ఫ్యూజు బాగుంది. సన్న వైరులో పన్నెండు వోల్టులు వస్తున్నాయి. స్పీకర్ వైర్ల చివర మీటరు పెడితే ఒక్కోదానికీ మూడున్నర ఓమ్‌లు చూపించింది. డబ్బా మీద నాలుగని రాసి ఉంటుంది. మీటరుకి కాస్త తక్కువ కనపడటమే ఆరోగ్యమట. సున్నా వచ్చినా, అంకె అసలు కదలకపోయినా లోపలి కాయిల్ పోయినట్టు.

‘‘ఇప్పుడు పాట పెట్టు’’ అన్నారు. ఆంప్లిఫయర్ ప్లస్, మైనస్‌ల మధ్య మీటరు ఆనించారు. పాట లేనప్పుడు పన్నెండున్నర. వాల్యూమ్ పెంచగానే పదకొండు, పది, తొమ్మిది... ఎర్రలైటు! బ్యాటరీ దగ్గర మాత్రం పన్నెండుకి తగ్గలేదు. మరి మధ్యలో మూడు వోల్టులు ఎవరు తిన్నారు? ఆయన తివాచీ పైకెత్తి ఎర్త్ వైరు చూపించారు. అది రంగు పూసిన ఇనుము మీద ఒక బోల్టు కింద నలిగి ఉంది. ‘‘రంగు కరెంటుకి గోడ లాంటిదమ్మాయ్. ఏ మరల సందులోంచో కొంచెం పోతోంది. అక్కడ పదో వంతు ఓమ్ అడ్డు పడ్డా చాలు, ముప్పై ఆంపియర్లు లాగితే మూడు వోల్టులు మాయం. చాలినంత అందకపోతే తనను తను కాపాడుకోవడానికి ఆంప్లిఫయర్ ఆగిపోతుంది. దానికే రోగమూ లేదు.’’

ఆ బోల్టుకి ఓ జానెడు దూరంలో రంగు గీకిన గుండ్రటి మచ్చ మెరుస్తోంది. పక్కనే ఖాళీ బెజ్జం.

అది చూడగానే నా కాళ్లలో సత్తువ పోయింది. మూడు నెలల క్రితం ఊరినుంచి బియ్యం బస్తా, పచ్చడి జాడీలు తేవడానికి డిక్కీ ఖాళీ చేసింది నేనే. ఆంప్లిఫయర్ ఒక డబ్బాకే బిగించి ఉంది కాబట్టి వైర్లన్నీ విప్పాను. తిరిగొచ్చాక చేతికందిన బోల్టుకి ఎర్త్ చుట్టి బిగించాను. చిన్న సౌండుకి ఏ తేడా తెలియలేదు. తెలిసే అవసరం ఆ సాయంత్రం దాకా రాలేదు.

బాబాయిగారు ముందు బ్యాటరీ మైనస్ ఊడదీసి (వైర్లు ముట్టుకునే ముందు చెయ్యాల్సిన మొదటి పని అదేనట!), ఎర్త్‌ని పాత చోట బిగించారు. ఈసారి ఎర్రలైటు రాలేదు. కానీ సౌండు పేలవంగా ఉంది. రెండు డబ్బాలు కలిసి ఒక్కటి మోగినంత కూడా లేదు. ఆయన నవ్వి, స్పీకర్ వైర్లకి పెన్సిల్ సెల్ ఒకటి క్షణం తాకించారు. మొదటి దాని అట్ట బయటికి ఉబికింది. రెండోది లోపలికి పోయింది! ఒకటి గాలిని తోస్తుంటే రెండోది లాగేస్తోంది. వైర్లు అటూ ఇటూ మార్చిందీ నేనే.

వైర్లు సరిచేస్తూ ఆయన సినిమా కబుర్లలో పడ్డారు. థియేటర్ల 5.1లో ఆ చివరి ‘.1’ కేవలం ఈ లోతు శబ్దాల కోసమే. 1974లో హాలీవుడ్ ‘ఎర్త్‌క్వేక్’కి థియేటర్లలో పెద్దపెద్ద స్పీకర్లు పెట్టి ప్రేక్షకుల కుర్చీలు అదిరేలా చేశారు. యాభై హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు ఏడు మీటర్లు, మా కారు నాలుగు మీటర్లు కూడా లేదు. అందుకే అది ఎటునుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు, డబ్బా డిక్కీలో ఉన్నా ఇబ్బంది లేదు. మామూలుగానైతే వీటి మీదే ఓ కథనం రాసేదాన్ని. ఆ రోజు సగమే చెవికెక్కింది.

సాయంత్రం షాపుకెళ్లాను. కుర్రాడు వైరింగ్ దగ్గర లేడు. పక్కన కార్లు కడిగే చోట ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, నీళ్ల పైపు పట్టుకుని ఉన్నాడు. ‘‘మీరు అట్లన్నంక వైరింగ్ కాడ ఎట్ల ఉంచుత మేడమ్?’’ అన్నాడు ఓనర్. ఇక్కడివాళ్లంతా వినాలని గట్టిగానే చెప్పాను, తప్పు నాదేనని, బోల్టు నేనే మార్చానని. ఓనర్ నవ్వేశాడు, ‘‘అయితది మేడమ్, వదిలెయ్యండి’’ అని. మళ్లీ వైరింగ్‌లోకి తీసుకోమన్నాను. తలూపాడు.

కుర్రాడి దగ్గరికెళ్లి ఐదొందలు ఇవ్వబోయాను. తీసుకోలేదు. మోటారు ఆపి, చేతులు తుడుచుకుని డిక్కీ తెరిచి చూశాడు. ఎర్త్ బోల్టు వేలితో కదిపి, జేబులోంచి పళ్ల వాషరు ఒకటి తీసి కింద వేసి బిగించాడు. డిక్కీ మూస్తూ అన్నాడు, ‘‘మేడమ్, ఓనర్‌కి ఏదో చెప్పిండ్రు గదా. మోటారు సప్పుడుకు నాకు వినబడలే. ఇంకోసారి చెప్తరా?’’

వాడితోపాటు ఓనర్ దగ్గరికి నడిచాను. మళ్లీ మొదటినుంచీ చెప్పాను.