చల్లని షర్బత్ – నుదుటి నొప్పి

2018వ సంవత్సరం జూన్ మొదటి వారం. వేసవి సెలవులు ముగిసి కళాశాల తెరచిన రోజులవి. రంజాన్ మాసం ఇంకా సాగుతున్నది. తొలకరి జాడ లేదు. హాస్టలు మిత్రులము కొందరము మసీదు ఆవరణలో ఇఫ్తార్‌కు కూర్చున్నాము. అజాన్ వినబడగానే మాలో ఒకడు ఖర్జూరం నోట వేసుకొని, మంచుముక్కలు తేలుతున్న షర్బత్‌ను గటగటా త్రాగివేశాడు. మరుక్షణమే నుదురు పట్టుకొని వంగిపోయాడు. మేమంతా నవ్వాము.

ఆ రాత్రి తరావీహ్ నమాజు అనంతరం అతడు మెల్లగా అన్నాడు: "మా అబ్బా మెదడులో నరం చిట్లి చనిపోయారు. నాకూ అదే మొదలయిందేమోరా!" మా నవ్వుకు మేమే సిగ్గుపడ్డాము.

మరునాడు అతనిని వెంటబెట్టుకొని మా జీవశాస్త్ర అధ్యాపకుల వద్దకు వెళ్ళాము. వారు ఓపికగా వివరించారు. మిక్కిలి చల్లని పదార్థం అంగిలిని తాకగానే అక్కడి సన్నని రక్తనాళాలు ముడుచుకొని, వెంటనే వ్యాకోచిస్తాయి. ఆ మార్పును బాధగా గ్రహించి మెదడుకు చేరవేసేది ట్రైజెమినల్ నాడి. నుదుటి స్పర్శను తెలిపేదీ ఆ నాడియే. అందుచేత మెదడు పొరబడి, అంగిలిలోని బాధను నుదుటి బాధగా భావిస్తుంది. గుండెపోటు వచ్చినవారికి ఎడమచేయి లాగడం ఇటువంటిదే. మెదడుకు స్వయంగా నొప్పి తెలియదనీ, చల్లదనం తొలగిన పది నిమిషాల లోపల ఈ బాధ పోతుందనీ, నాలుకను అంగిలికి అదిమిపెట్టినా, గోరువెచ్చని నీరు పుక్కిలించినా కొంత ఉపశమనం కలుగవచ్చుననీ చెప్పారు.

2002లో కెనడాలో ఒక పాఠశాల విద్యార్థిని తన తండ్రితో కలసి 145 మంది విద్యార్థులపై జరిపిన పరీక్షను గురించి కూడ వారు చెప్పారు. ఐస్‌క్రీమును అయిదు సెకన్లలోపు మ్రింగినవారిలో నూటికి 27 మందికి ఈ నొప్పి వచ్చిందట. అరనిమిషానికి పైగా తీసుకొని తిన్నవారిలో 13 మందికే వచ్చిందట. ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న వైద్యపత్రికకు ఎక్కడం మాకు ఆశ్చర్యం కలిగించింది.

"నిన్నటి నొప్పికి భయం లేదు. కాని మీ నాన్నగారి సంగతి ఉన్నది గనుక ఒకసారి రక్తపోటు చూపించుకో" అన్నారు అధ్యాపకులు. తండ్రి పోయిన నాటినుండి ఆసుపత్రి గడప త్రొక్కని మిత్రుడు ఆనాడు మా తోడుతో వెళ్ళాడు. రక్తపోటు సరిగానే ఉన్నది.

సాయంత్రం మసీదులో జరిగినదంతా విని పెద్దాయన ఒకరు, "మూడు గుక్కలుగా త్రాగాలి బేటా! మన ప్రవక్తగారు నేర్పినది అదే కదా" అన్నారు. చిన్ననాటినుండి విన్న మాటయే. దాహంలో మరచిపోయాము. ఆనాడు మిత్రునితోపాటు మేమందరమూ మూడు గుక్కలుగానే త్రాగాము.

విద్యార్థి సోదరులారా! తోటివాడు నొప్పితో తల పట్టుకున్నప్పుడు మేము చేసిన పొరపాటు మీరు చేయకండి. నవ్వడానికి ముందు ఏమయిందని అడగండి.