లంబసింగిలో కట్టెల పొయ్యి

నర్సీపట్నం దాటి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు ఎక్కితే లంబసింగి వస్తుంది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ గ్రామం చలికి పేరు పొందినది. కాఫీ తోటల మీద, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల మీద శీతకాలపు ఉదయాన మంచు దట్టంగా కమ్ముకొని ఉంటుంది. ఆ మంచు చూడవచ్చినవారు చలిమంట కాచుకొని వెళ్ళిపోతారు. మేము మాత్రం మంటకు కట్టె సిద్ధమయ్యే తీరు కూడా చూశాము.

ఒక పెరట్లో పెద్దాయన కట్టెలు కొడుతున్నారు. దుంగను మరో మొద్దు మీద నిలబెట్టారు. "నేల మీద కొడితే రాయి తగిలి పదును పోతాది బాబూ" అన్నారు. దుంగకు ఎండలో పడిన బీటను వెదికి, దాని వెంటే వేటు వేస్తున్నారు. లావు దుంగనైతే నడిమికి కొట్టక, అంచుల నుండి పేళ్ళు తీస్తున్నారు. ముడి ఉన్నచోట పీచు మెలి తిరిగి ఉంటుంది గనుక గొడ్డలి ఇరుక్కుంటుందట. పని మొదలుపెట్టే ముందు గొడ్డలి కామ వదులైందేమో చూసుకున్నారు. పిల్లలను దూరంగా పంపారు. మొద్దుబారిన గొడ్డలికి ఎక్కువ బలం కావాలని ప్రసంగి గ్రంథం 10వ అధ్యాయం చెప్పే మాట మాకు జ్ఞాపకం వచ్చింది.

సన్నగా చీల్చిన కట్టె త్వరగా ఆరుతుంది. పచ్చికట్టె వేడిలో కొంత భాగం అందులోని నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. మంట తగ్గి పొగ పెరుగుతుంది. ఆ పొగ పీల్చేది ఇల్లాలు, ఆమె ఒడిలోని పసిబిడ్డ. ఇళ్ళలోని ఇటువంటి పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఆ ఇంటి అమ్మ చేసే చిన్న చిన్న పనులు కూడా గమనించాము. గిన్నె అడుగున బయటివైపు తడిమట్టి పలుచగా పూసి పొయ్యి మీద పెడతారు. కడిగినప్పుడు మసి ఆ మట్టితోనే ఊడివస్తుంది. పప్పు ముందే నానవేసి, మూత పెట్టి ఉడికిస్తారు. కట్టె తక్కువ పడుతుంది. వంట అయ్యేదాకా కిటికీ, తలుపు తెరిచే ఉంచుతారు. ఎంత చలి వేసినా నిప్పులున్న గదిలో తలుపులు మూసుకొని నిద్రపోవడం ప్రాణానికే ముప్పు.

2016లో మొదలైన ఉజ్వల పథకం ద్వారా అనేక పేద కుటుంబాలకు గ్యాసు అందింది. అయినా నీళ్ళు కాచుకోవడానికో, సిలిండరు అయిపోయినప్పుడో కట్టెల పొయ్యి వెలిగించే ఇళ్ళు పల్లెల్లో ఇంకా ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలోని పురుషులకు మా మనవి ఒక్కటే. వానలు రాకముందే కట్టె కొట్టి, ఎండబెట్టి, గాలి ఆడేలా పేర్చి, పైన తడవకుండా కప్పండి. వంట చేసే తల్లికి పొగ బాధ కొంతైనా తగ్గుతుంది.