గాలపు కీలు: అవసరమైతే తెగాలి

పదవీ విరమణ అనంతరం గోలేటిలో నాకు అబ్బిన వ్యాపకం ఈకల ఎరలు కట్టడం. కోడి ఈకలను, మేక వెంట్రుకలను గాలానికి దారంతో చుట్టి, చిన్న చేపను పోలిన రూపం కల్పించడమే ఈ విద్య. ఆరోగ్య విషయాలు చెప్పవలసిన వైద్యుడు ఎరల సంగతి వ్రాస్తున్నాడేమిటని మీరు ఆశ్చర్యపడవచ్చు. చివరి వరకు చదవండి, కారణం మీకే తెలుస్తుంది.

ఎరను రెండు ముక్కలుగా కట్టి నడుమ కీలు అమర్చితే, నీటిలో తోక ఊగుతుంది. పెద్దవాగు మీది కుమురం భీం ప్రాజెక్టులోనో, మరో చెరువులోనో ఉండే కొర్రమట్ట దానిని బతికిన చేపగా భ్రమిస్తుంది. ఆ కీలును దేనితో కట్టాలన్నదే ప్రశ్న.

నైలాన్ దారం చవక, ముడి వేయడం సులువు. కానీ నీటిని పీల్చుకొని కొంత బలం కోల్పోతుంది, ఎండకు పాడవుతుంది, పళ్ల రాపిడికి గీతలు పడుతుంది. అల్లిక దారం సన్ననిదైనా మిక్కిలి బలమైనది. అయితే మరీ మెత్తన కావడం వల్ల విసిరినప్పుడు తోక ముడుచుకొని ముందు ముక్కకు చిక్కుకుంటుంది. అది నునుపు గనుక ముడి కూడా జారుతుంది. ఉక్కు తీగ పళ్లకు లొంగదు, తోకను నిటారుగా నిలుపుతుంది. కానీ ఒకసారి మెలిక పడితే అక్కడే బలహీనపడుతుంది.

ఇక వైద్యుని మాట. రెండు ముక్కలకూ గాలాలు ఉన్నాయనుకోండి. ఒకటి చేప నోటిలో ఉండగా, రెండవది మీ వేలిలో దిగవచ్చు. చేప కొట్టుకొన్నకొద్దీ గాలం లోతుకు పోతుంది. ఆ క్షణాన చేయవలసింది ఒక్కటే: నడుమనున్న కీలును కత్తిరించి, చేతిని చేప నుండి వేరు చేయడం. అల్లిక దారం పదునైన కత్తెరకు తెగుతుంది. ఉక్కు తీగ తెగదు. కటింగ్ ప్లేయర్ కావాలి.

కావున నా ఎంపిక ఇది. అల్లిక దారాన్ని రెండు పేటలుగా వేసి, నడుమ ఒకటి రెండు పూసలు గుచ్చుతాను; తోక ముడుచుకోదు. మొదటి చుట్టును రెండుసార్లు మెలిపెట్టే ముడి వేస్తాను. శస్త్రచికిత్సలో గాయం కుట్టేటప్పుడు మేము వేసే ముడి అదే. గాలం వేసేవారు కూడా దానిని సర్జన్స్ నాట్ అనే పిలుస్తారు. ముందు ముక్కకు గాలం ఉంచను. వంపును కోసివేసి కాడ మాత్రమే వాడతాను. కోసేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, తెగిన ముక్క కంటికి తగలవచ్చు. ఉక్కు తీగే కావాలంటే, దానిని కోసే పనిముట్టు మీ సంచిలో ఉండి తీరాలి.

గాలం గుచ్చుకున్నప్పుడు వెనక్కు లాగకండి. దాని ఎదురుముల్లు కండను చీలుస్తుంది. గాలాన్ని కదలకుండా ఉంచి ఆసుపత్రికి రండి. అక్కడ మత్తు సూది ఇచ్చి, మొనను ముందుకు నెట్టి, ముల్లును కత్తిరించి తీస్తారు. కంటిలోగాని, కంటి చుట్టూగాని దిగితే అసలు ముట్టుకోవద్దు. నొక్కకుండా పైన కాగితపు కప్పు బోర్లించి, వెంటనే బయలుదేరండి.

గాయాన్ని సబ్బునీటితో కడగాలి. ధనుర్వాతం టీకాలు పూర్తయినవారైనా, చివరి మోతాదుకు 5 సంవత్సరాలు దాటితే మరొకటి తీసుకోవాలి. చెరువునీటి సూక్ష్మజీవులు కండలో చేరితే చిన్న గాయమూ ముదురుతుంది. మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్త వహించాలి. వాపు, ఎరుపు, చీము, జ్వరం కనిపిస్తే ఆలస్యం చేయకండి. మరొక మాట: సీసపు గుండును పళ్లతో కొరికి బిగించే అలవాటు మానండి. సీసం శరీరంలో నిలిచిపోయే విషం. అల్లిక దారాన్ని చేతికి చుట్టుకొని లాగకండి, వేలు తెగుతుంది.

చేప పళ్లకు తెగనిది, మీ చేతిలోని పనిముట్టుకు తెగేది, అదే మంచి కీలు. తదుపరి ఎర కట్టేముందు కత్తెరతో ఒకసారి పరీక్షించి చూడండి.