మావయ్యగారి మెయిళ్ళకు చీటీలు

ఇదివరకు ఇంటిపెద్ద పోతే ట్రంకు పెట్టె తెరిచేవాళ్ళు. పాలసీ బాండ్లు, బ్యాంకు పుస్తకాలు, ఎవరికో అప్పిచ్చిన నోటు అన్నీ అందులోనే ఉండేవి. ఇప్పుడా పెట్టె మెయిల్లోకి వెళ్ళిపోయింది. దానికి తాళంచెవి కూడా కొంగున కట్టుకునేది కాదు.

మా మావయ్యగారు పోయినేడు మాఘమాసంలో కాలం చేశారు. చెప్పులు విప్పినా రెండూ ఒకే వరసలో ఉండాలనే మనిషి. ఆయన మెయిల్ మాత్రం ఆదివారం సంతే! పన్నెండు వేల పైచిలుకు ఉత్తరాలు. చీరల ఆఫర్లు, మోకాళ్ళ నొప్పుల నూనెలు, ఎవరో పంపిన సుప్రభాత సందేశాలు, వాటి మధ్యలో ఎక్కడో బ్యాంకు డిపాజిట్ల కాగితాలు.

అమెరికా నుంచి మా మరిది, "ఆ అకౌంట్ తీసేద్దాం వదినా, ఏమున్నాయో బ్యాంకు వాళ్ళే చెప్తారు" అన్నాడు. మనం ఏ బ్యాంకుకి వెళ్ళి అడిగితే ఆ బ్యాంకే కదా చెప్పేది! అసలు అక్కడ ఉందని ముందు మనకి తెలియాలి. పదేళ్ళు ఎవరూ అడగని డిపాజిట్టు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్ళిపోతుంది. అలాంటివి వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అని ఒక వెబ్‌సైటు పెట్టారు, మంచిదే. కానీ నిన్న మొన్న వేసిన డిపాజిట్టు అందులో కనబడదు.

అత్తయ్యగారిది ఇంకో భయం. "ఒక్కటి కూడా తుడిచెయ్యకు అమ్మాయ్. ఆయన చేత్తో రాసినవి ఏమైనా ఉంటే పోతాయి." చేత్తో రాసినవి అన్న మాటకి మావారు నవ్వబోయి ఊరుకున్నారు.

అందుకే తుడవడం జోలికి పోకుండా లేబుళ్ళు పెడదామనుకున్నాను. లేబుల్ అంటే డబ్బా మీద అంటించే చీటీ. మెయిల్ ఎక్కడిదక్కడే ఉంటుంది. ఒకేదానికి రెండు మూడు చీటీలు అంటించొచ్చు, చీటీ పీకేసినా లోపలి సరుకు పోదు. ఇలా చెప్పాక అత్తయ్యగారు సరేనన్నారు. ఆయన ఫోను తెరిచే అంకెలు ఆవిడకి తెలుసు. కంప్యూటర్లో తెరవబోతే ఆ ఫోనుకి ప్రశ్న వచ్చింది, లోపలికి వస్తున్నది మీరేనా అని. ఆవిడ ఒక్క క్షణం దానివంకే చూసి, "అవును, నేనే" అన్నదాని మీద వేలు నొక్కారు.

పన్నెండు వేలకీ ఒక్కొక్కటిగా అంటిస్తూ కూర్చుంటే ఏడాది మాసికం వచ్చేస్తుంది. జీమెయిల్లో ఫిల్టర్ అని ఉంది, ఆ పని అదే చేసిపెడుతుంది. ఫోనులో కుదరదు, కంప్యూటరు ఉండాలి. పైన వెతికే గడి చివర చిన్న గీతల గుర్తు నొక్కితే ఎవరి దగ్గర్నుంచి వచ్చినవో రాసే చోటు వస్తుంది. అక్కడ బ్యాంకు చిరునామా రాసి, క్రియేట్ ఫిల్టర్ నొక్కి, ఏ లేబుల్ కావాలో చెప్పాలి. అదే పేజీలో, ఇదివరకు వచ్చినవాటికి కూడా ఇదే చెయ్యి అని ఒక చిన్న గడి ఉంటుంది. దానికి టిక్కు పెట్టాలి సుమా! లేకపోతే ఇకముందు వచ్చేవాటికే పని చేస్తుంది. పోయినవారి మెయిల్‌కి ఇకముందుతో మనకేం పని?

స్టవ్ మీద పాలు పొంగే లోపల తొమ్మిది వందల మెయిళ్ళకి "బ్యాంకు" అని చీటీ పడింది. తరవాత కరెంటు, ఆస్పత్రి, పెన్షను. పేర్లన్నీ తెలుగులోనే పెట్టాను, అత్తయ్యగారు కూడా చదువుకోవాలని.

పంపినవారి చిరునామాతో అయితే ఇంత సుఖం. మాటలతో అయితే జాగ్రత్త. ముందు ఉత్తినే వెతికి చూడాలి. "పాలసీ" అని కొట్టి చూడండి, బీమా పాలసీతో పాటు చీరల కొట్టు వాపసు పాలసీ కూడా వచ్చి కూర్చుంటుంది. నానార్థాలు మనం బీఏలో బట్టీ పట్టాం, యంత్రానికి ఆ బాధ లేదు.

ఇంకోటి కూడా వెతికాను. తన నుంచి తనకే రాసుకున్నవి. ఫ్రమ్ మీ, టు మీ అని ఇంగ్లీషులో కొడితే వస్తాయి. అరవై మూడు వచ్చాయి! వాటికి "స్వగతం" అని పేరు పెట్టాను. నాటకాల పాఠం చదువుకున్నందుకు అదొక్కటే పనికొచ్చింది.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకున్నారు ఆయన. గ్యాసు బండ మార్చిన తేదీ, ఆవిడ కంటి చుక్కల పేరు, పాలవాడికి ఇవ్వాల్సిన బాకీ. ఒకదాంట్లో, సహకార బ్యాంకులో రెండు లక్షలు, రసీదు భారతంలో, అని ఉంది. ఆ బ్యాంకు ఎప్పుడూ మెయిల్ పంపలేదు. ఎన్ని చీటీలు అంటించినా ఆ బ్యాంకు పేరుతో ఏదీ దొరికేది కాదు. అలమారు దించి చూస్తే విరాటపర్వంలో ఉంది రసీదు, వెనక నామినీగా అత్తయ్యగారి పేరుతో. మరణ ధ్రువపత్రం పట్టుకుని వెళ్ళాం, రెండు తిరుగుళ్ళతో పని అయింది.

మావారు ఇప్పుడు తన అకౌంట్లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనేది పెట్టుకున్నారు. అందులో మనం పెట్టిన గడువు, మూడు నెలలో ఆరు నెలలో, తెరవకుండా ఉంటే మనం చెప్పినవారికి కబురు వెళుతుంది. నా పేరు ఇచ్చారు. మీ ఇంట్లో కూడా అడగండి, అపశకునం అనుకోకుండా.

అరవై మూడింటినీ ప్రింటు తీసి ఇచ్చాను. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని సాయంత్రానికి ఒక్కటే చదువుతున్నారు, అయిపోతాయని. నిన్నటిది, కరివేపాకు మొక్కకి పుల్ల మజ్జిగ పొయ్యాలి, అని.

"ఇది నేను చెప్పిందే," అన్నారు ఆవిడ. "ఆ రోజు వినిపించుకోనట్టు పేపరు చదువుతున్నారు."